మీ ఇంట్లో చెప్తా

పోయిన వేసవి సెలవుల్లో కొందరు మిత్రులు లాలాగూడ రైల్వే క్వార్టర్స్ పిల్లల కోసం నెల రోజులు చిన్న లైబ్రరీ నడిపారు. తొమ్మిది, పది తరగతుల పిల్లలు పాతికమంది దాకా వచ్చేవాళ్ళు. నేను పుట్టి పెరిగిన చోటే కాబట్టి నన్నూ రమ్మన్నారు. కథలు చదివించడం నా పని. ఒకరోజు కథ మధ్యలో ప్రేమ ప్రస్తావన వస్తే పిల్లలు ఒకళ్ళనొకళ్ళు మోచేతులతో పొడుచుకుని నవ్వుకున్నారు. అడగాలని ఉంది, అడగలేరు. ఖాళీ చెప్పుల డబ్బాకి కన్నం పెట్టి, "పేరు రాయకండి, ఏది అడగాలనుంటే అది రాసి వెయ్యండి" అన్నాను.

మర్నాడు డబ్బా విప్పితే పదిహేడు చీటీలు. "లొకేషన్ ఆన్‌ల పెట్టమంటడు, పెట్టకుంటే నమ్మకం లేదా అంటడు, అది ప్రేమనేనా?" అని ఒకటి. "అమ్మాయి నో అంటే మళ్ళా ఎన్నిసార్లు అడగొచ్చు?" అని ఒకటి, అది అబ్బాయి రాత. అట్టడుగున నాలుగు మడతలు పెట్టిన కాయితం. దాని మీద ఒకే లైను: "మీ ఇంట్లో చెప్త అంటున్నడు. ఏం చెయ్యాలె?"

ఎవరో తెలియదు. ఏం చెప్తానంటున్నాడో, బదులుగా ఏం అడుగుతున్నాడో తెలియదు. ఆ వాక్యం మాత్రం నాకు ముప్పయ్యేళ్ళుగా తెలుసు.

*

నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే 1893లో ఇక్కడ వర్క్‌షాప్ పెట్టింది. దాని చుట్టూ క్వార్టర్లు, ఆస్పత్రి, బళ్ళు, చర్చీలు, గుళ్ళు ఒక్కొక్కటే వచ్చాయి. మా నాన్న ఆ వర్క్‌షాప్‌లోనే ఫిట్టర్. తొంభైల మొదట్లో మా లైనులో ఒక ఇంట్లో తమిళం, ఒక ఇంట్లో ఉర్దూ, చివరింట్లో ఆంగ్లో ఇండియన్ల ఇంగ్లీషు, మిగతా ఇళ్ళలో అన్ని జిల్లాల తెలుగూ వినపడేవి. సైరన్‌తో మగవాళ్ళు పనికెళ్ళేవాళ్ళు, సైరన్‌తో తిరిగొచ్చేవాళ్ళు. ఇళ్ళకి తలుపులుండేవి కానీ ఎవరూ మూసేవాళ్ళు కాదు. ఎవరింట్లో ఏ కూరో అందరికీ తెలుసు.

మా వెనక లైనులో నాకంటే రెండేళ్ళు పెద్దదైన ఒక అక్క ఉండేది. పదో తరగతి. ఆలుగడ్డ బావి బ్రిడ్జి కింద నుంచి బడికి వెళ్ళే దారిలో ఒక అబ్బాయి ఆమెకి ఉత్తరం ఇచ్చాడు, ఆమె జవాబు రాసింది. ఆ జవాబు వాళ్ళింటికి వచ్చిపోయే ఒక పెద్దమనిషి చేతిలో పడింది. ఆయన్ని మేమందరం బాబాయ్ అనేవాళ్ళం. ఆయన దాన్ని వాళ్ళ నాన్నకి ఇవ్వలేదు. జేబులో పెట్టుకుని, "మీ ఇంట్లో చెప్తా" అన్నాడు. ఎనిమిది నెలలు ఆ ఒక్క మాటతో ఆమెను ఆడించాడు.

బయటపడ్డాక ఏం జరిగిందో మీరు ఊహించగలరు. అక్కని బడి మాన్పించారు. వచ్చే సంక్రాంతి లోపు పెళ్ళి చేసేశారు. ఉత్తరం ఇచ్చిన పిల్లాడిని తన్నారు. బాబాయ్ మాత్రం ఎప్పట్లాగే సైరన్‌కి డ్యూటీకి వెళ్ళాడు.

ఆ రాత్రి మా అమ్మ నన్ను దగ్గర కూచోబెట్టుకుని, "జాగ్రత్తమ్మా" అంది. అంతే. దేని నుంచి జాగ్రత్తో చెప్పలేదు. నేను నేర్చుకున్న పాఠం ఒకటే: ఇంట్లో తెలిస్తే చదువు పోతుంది. ఆ పాఠమే బాబాయ్ పెట్టుబడి అని అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. "మీ ఇంట్లో చెప్తా" అన్న మాటకి బలం అతని దగ్గర లేదు, మన ఇంట్లో ఉంది. ఇంటి భయం ఎంత పెద్దదైతే ఆ మాట అంత పదునుగా ఉంటుంది.

ఆ భయం మనకి ఎక్కణ్ణించి వచ్చిందో, దాన్ని తగ్గించే ప్రయత్నాలు తెలుగులో ఎవరెవరు చేశారో తెలుసుకోవాలని చాలాకాలంగా చదువుతున్నాను. ఇది ఆ చదువులో తేలిన లెక్క.

*

ముందు చట్టం సంగతి. ఆడపిల్ల విషయంలో మన చట్టాల చరిత్ర అంతా ఒక అంకె చరిత్ర. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్ సమ్మతి వయసుని పదేళ్ళుగా పెట్టింది. కలకత్తాలో ఫూల్మణి అనే పసిపిల్ల, ముప్పయ్యైదేళ్ళ భర్త చేతిలో చనిపోయింది. ఆ గొడవలోంచి 1891లో అంకె పన్నెండయింది. 1925లో, పెళ్ళి బయట మాత్రం, పధ్నాలుగు. 1929లో శారదా చట్టం ఆడపిల్ల పెళ్ళి వయసు పధ్నాలుగు అంది. 1949లో పెళ్ళికి పదిహేను, సమ్మతికి పదహారు. 1978లో పెళ్ళికి పద్దెనిమిది. 2012లో పోక్సో వచ్చి, పద్దెనిమిది లోపు ఎవరైనా సరే పిల్లలే అంది.

ప్రతి అంకె వెనకా ఏళ్ళ తరబడి పోరాటం ఉంది, కాదనను. కానీ ఇన్నేళ్ళూ చట్టం మాట్లాడింది పెద్దవాళ్ళతోనే. పిల్లని ఎప్పుడు ఇవ్వచ్చో, ఎప్పుడు ఇవ్వకూడదో వాళ్ళకి చెప్పింది. పిల్లతో ఎవరూ ఏమీ చెప్పలేదు. పెద్దవాళ్ళేమో చట్టానికి పక్కదారులు వెతుక్కున్నారు. శారదా చట్టం బ్రిటిష్ ఇండియాకే వర్తిస్తుంది కాబట్టి గోదావరి జిల్లాల వాళ్ళు బాల్యవివాహాలకి పక్కనే ఉన్న ఫ్రెంచి యానాం వెళ్ళారు. పెళ్ళిళ్ళ మీద పెళ్ళిళ్ళు జరిగి ఆ ఊరికి కల్యాణపురం అనే పేరే వచ్చింది. ఆ చట్టం నిజాం రాజ్యానికీ వర్తించేది కాదు.

కన్యాశుల్కం ఇంగ్లీషు ముందుమాటలో గురజాడ ఇచ్చిన లెక్క చూడండి. విజయనగరం మహారాజా విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో జరిగిన కన్యాశుల్కం పెళ్ళిళ్ళ జాబితా తీయించారు. నమోదైనవి 1034. వాటిలో ఐదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళ వాళ్ళు 44, మూడేళ్ళ వాళ్ళు 36, రెండేళ్ళ వాళ్ళు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల ధర 350 నుంచి 400 రూపాయలు.

ఇది అమ్మకం అని ఈ రోజు ఎవరైనా ఒప్పుకుంటారు. నాకు మాత్రం ఆ నాటకంలో ఇంతకంటే ఎక్కువ పనికొచ్చిన పాఠం గిరీశం.

బళ్ళో గిరీశాన్ని హాస్యపాత్ర అని చెప్పారు. నవ్వాము కూడా. ముప్పై దాటాక మళ్ళీ చదివితే నవ్వు సగంలో ఆగిపోయింది. అతను ఆ ఇంట్లోకి ఎలా వచ్చాడో గమనించండి. తమ్ముడికి చదువు చెప్పే మాస్టారుగా వచ్చాడు. అంతకుముందే పూటకూళ్ళమ్మ సొమ్ము తిన్నాడు. బుచ్చమ్మతో నేరుగా మొదలుపెట్టడు. ఆమె వింటుండగా తమ్ముడికి పాఠం చెప్తున్నట్టు వితంతు వివాహాల గురించి మాట్లాడతాడు. ఆమెకి నిజంగానే అన్యాయం జరిగింది, అతను చెప్పే మాటల్లో నిజమూ ఉంది. ఆ నిజాన్నే ఎరగా వాడుకుంటాడు. నీ బాధ ఈ ఇంట్లో నాకొక్కడికే తెలుసనిపిస్తాడు. చివరికి పెళ్ళి ప్రయాణం సందట్లో, ఆమెకి ఎవర్నీ అడిగే వ్యవధి లేకుండా, తీసుకుని వెళ్ళిపోతాడు.

నమ్మకమైన హోదాలో రావడం, పొగడటం, ఇంటి నుంచి మనసుని విడదీయడం, రహస్యం పంచుకోవడం, తొందర పెట్టడం. ఈ రోజు పిల్లల రక్షణ గురించి పాఠాలు చెప్పేవాళ్ళు రాసుకునే మెట్లు ఇవే. గురజాడ 1892లో వేదికెక్కించాడు. ముగింపులో సౌజన్యారావు పంతులు చేసిన పని ఇంకా ముఖ్యమైనది. అతను బుచ్చమ్మని శిక్షించడు, వెంటనే గిరీశానికిచ్చి పెళ్ళీ చేసెయ్యడు. పూనాలోని వితంతువుల శరణాలయానికి, అంటే చదువుకి పంపుతాడు. తప్పటడుగు వేసిన ఆడపిల్లకి చదువు మాన్పించడం బదులు చదువు మొదలుపెట్టించిన పెద్దమనిషి మన సాహిత్యంలో ఉన్నాడు. మా వెనక లైను అక్కకి అలాంటి మనిషి ఒక్కడూ దొరకలేదు.

*

మరి మా తరం ఎక్కడ నేర్చుకుంది? వారపత్రికల్లో.

ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ 'ప్రమదావనం' నాలుగు దశాబ్దాలకి పైగా నడిచింది. వంటల నుంచి వైవాహిక చిక్కుల దాకా ఆడవాళ్ళు ఉత్తరాలు రాసేవాళ్ళు, ఆవిడ జవాబు చెప్పేవారు. స్వాతిలో డాక్టర్ సమరం జవాబులు ఉండేవి. పెద్దలు ఆ పేజీలు మా నుంచి దాచేవాళ్ళు. మేము వాళ్ళ నుంచి దాచి చదివేవాళ్ళం. పేరు చెప్పకుండా అడిగే చోటు, అడిగినందుకు తిట్టని మనిషి. మా చెప్పుల డబ్బాకి ముత్తాత అదే. లోటు ఏమిటంటే, శరీరం గురించి సందేహం తీరేది కానీ మనిషి గురించి తీరేది కాదు. ఒకరు మనల్ని ప్రేమిస్తున్నారా, పట్టి ఉంచుతున్నారా అన్న తేడా ఎలా తెలుస్తుందో ఆ పేజీలు మాకు పెద్దగా చెప్పలేదు.

ఆ పని మొదలుపెట్టింది స్త్రీల ఉద్యమం. 1978లో హైదరాబాద్‌లో స్త్రీ శక్తి సంఘటన ఏర్పడింది. 1991లో వాళ్ళ 'సవాలక్ష సందేహాలు' వచ్చింది. ఆడవాళ్ళ ఆరోగ్యం గురించి ఆడవాళ్ళే తెలుగులో రాసుకున్న పుస్తకం. అదే ఏడాది సికింద్రాబాద్‌లో అస్మిత మొదలైంది. తర్వాత చాలా ఏళ్ళు అస్మిత ఆఫీసు ఈస్ట్ మారేడ్‌పల్లిలో ఉండేది. మా క్వార్టర్స్ నుంచి నడిచి వెళ్ళే దూరం. ఓల్గా వంటి రచయితలు అందులో పనిచేశారు. ఆవిడ 'రాజకీయ కథలు' శరీరం మీద ఎవరి పెత్తనం నడుస్తోందని అడిగాయి. ఆ అక్కకి జరిగిందానికి ఒక పేరు ఉంటుందని, అది ఆమె తప్పుకి పేరు కాదని, డిగ్రీ రోజుల్లో ఆ పుస్తకాలు చదివాకే నాకు తెలిసింది.

వెస్ట్ మారేడ్‌పల్లి నుంచి పనిచేసిన ఎం.వి. ఫౌండేషన్ ఇంకో వైపు నుంచి వచ్చింది. శాంతా సిన్హా, ఆమె సహచరులు తొంభైల నుంచి ఒకే మాట పట్టుకున్నారు: బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికురాలే. రంగారెడ్డి జిల్లా ఊళ్ళలో ఆడపిల్లల పెళ్ళిళ్ళు ఆపి బడికి పంపారు. వాళ్ళు సంబంధాల పాఠాలేమీ చెప్పలేదనిపించవచ్చు. కానీ "ఏం జరిగినా బడి మానదు" అన్న భరోసా ఉంటే "మీ ఇంట్లో చెప్తా" అన్న బెదిరింపు సగం చచ్చిపోతుంది.

*

ప్రభుత్వం ఏం చేసింది? 2005లో కేంద్రం నాకోతో కలిసి బళ్ళకోసం కౌమార విద్యా కార్యక్రమం తెచ్చింది. 2007 కల్లా మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, కర్ణాటక లాంటి రాష్ట్రాలు బొమ్మలు బాగాలేవని, సంస్కృతికి విరుద్ధమని ఆపేశాయి. విషయం రాజ్యసభ పిటిషన్ల కమిటీకి వెళ్ళింది. దాని అధ్యక్షుడు మన వెంకయ్య నాయుడు. బళ్ళో లైంగిక విద్య ఉండకూడదని, హెచ్.ఐ.వి. వగైరా ఇంటర్ స్థాయిలో జీవశాస్త్రంలో చెప్పుకోవచ్చని ఆ కమిటీ 2009లో నివేదిక ఇచ్చింది.

ఆ వాదన జరుగుతున్న కాలంలోనే, 2007లో, కేంద్ర స్త్రీ శిశు సంక్షేమ శాఖ ఇంకో నివేదిక వేసింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా పదమూడు రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లల్ని అడిగారు. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నవాళ్ళు 53.22 శాతం. ఎక్కువగా నమోదైన రాష్ట్రాల్లో మనదీ ఒకటి. వేధించినవాళ్ళలో సగం మంది పిల్లలకి తెలిసినవాళ్ళు, నమ్మినవాళ్ళు. ఎక్కువమంది పిల్లలు ఎవరికీ చెప్పలేదు. అమ్మాయిలకంటే అబ్బాయిల శాతం కొంచెం ఎక్కువే అన్నది కూడా అందులో ఉంది. "అమ్మాయిలకి జాగ్రత్త చెప్పుకుంటే చాలు" అనుకునేవాళ్ళు ఆ వాక్యం రెండుసార్లు చదవాలి.

ఒక నివేదిక పిల్లలు చెప్పడం లేదంది. రెండోది పిల్లలకి చెప్పొద్దంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు తక్కువ.

2012 నవంబర్ 14న పోక్సో అమల్లోకి వచ్చింది. బాబాయ్ లాంటి మనుషులకి అది నిజంగా ఉచ్చు. తెలిసినవాళ్ళు పోలీసులకి చెప్పి తీరాలన్న నిబంధన పెట్టింది. ఇంకోపక్క, పదిహేడేళ్ళ అమ్మాయి పంతొమ్మిదేళ్ళ అబ్బాయితో వెళ్ళిపోతే తల్లిదండ్రులు పెట్టే కేసూ ఇదే. 2023లో లా కమిషన్ వయసు తగ్గించవద్దంటూనే, పదహారు పద్దెనిమిది మధ్య వాళ్ళ ఇష్టపూర్వక సంబంధాల్లో శిక్ష విషయమై కోర్టుకి విచక్షణ ఉండాలని సూచించింది. 2024 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు, పిల్లల అశ్లీల చిత్రాల కేసు తీర్పులో, సమ్మతి అంటే ఏమిటో నేర్పే సమగ్ర లైంగిక విద్య గురించి ఆలోచించమని కేంద్రానికి చెప్పింది. ఇంగ్లండ్‌లో 2020 నుంచి ప్రాథమిక బడి నుంచే 'సంబంధాల విద్య' తప్పనిసరి పాఠం. స్నేహం అంటే ఏమిటి, హద్దు అంటే ఏమిటి అనే దగ్గర్నుంచి మొదలుపెడతారు. ఐదేళ్ళ పిల్లలకి స్నేహం గురించి చెప్తే సంస్కృతి చెడదు కదా.

*

మళ్ళీ చెప్పుల డబ్బా దగ్గరికి వస్తాను.

ఆ నాలుగు మడతల చీటీ ఎవరిదని వెతకలేదు. వెతికితే మళ్ళీ ఎవరూ రాయరు. మిగతా చీటీలతో కలిపి, అందరి ముందూ, గొంతు మార్చకుండా చదివాను. హాలులో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

"రాసింది ఎవరైనా సరే, తప్పు నీది కాదు" అన్నాను. "నువ్వు ఉత్తరం రాసి ఉండచ్చు, ఫొటో పంపి ఉండచ్చు. అది నీ తెలియనితనం కావచ్చు, నీ ఇష్టం కావచ్చు. దాన్ని పట్టుకుని బెదిరించడం మాత్రం నేరం, అది వాడిది. ఒకసారి వాడు అడిగింది ఇస్తే ఆగడు, రెండోసారి ఇంకా పెద్దది అడుగుతాడు. మెసేజులు చెరిపెయ్యకు. నువ్వు నమ్మే పెద్దవాళ్ళు ఒక్కళ్ళకి చెప్పు. ఎవరూ లేరనిపిస్తే 1098కి ఫోన్ చెయ్యి. నాకు చెప్తే నేను రహస్యంగా దాస్తానని అబద్ధం చెప్పను. నీకు హాని జరుగుతుంటే చట్టం ప్రకారం నేను చెప్పాలి. కానీ నిన్ను ఒంటరిగా పంపను. పక్కనే ఉంటాను."

తర్వాత లొకేషన్ చీటీ గురించి మాట్లాడుకున్నాం. బోర్డు మీద మూడు ప్రశ్నలు రాశాను. కాదంటే కోపం వస్తుందా? ఈ మనిషి వచ్చాక నీ స్నేహితులు తగ్గారా, పెరిగారా? ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దన్నారా? ఒక అబ్బాయి చెయ్యెత్తి, "మా దోస్తులే అంటరు మేడం, ఆమె ఫోన్ చెక్ చెయ్యకుంటే నువ్వు మగాడివేనా అని" అన్నాడు. అతనికి పదిహేనేళ్ళు. అతనికి ఆ మాట నేర్పిన మనమే, పాఠం నేర్పడానికి మాత్రం సిగ్గుపడ్డాం. ఎన్నిసార్లు అడగొచ్చన్న ప్రశ్నకి జవాబు అతనే చెప్పాడు: "ఒక్కసారి."

బయటికి వచ్చేసరికి గేటు దగ్గర ఒక తల్లి నిలబడి ఉంది. ఆస్పత్రి వైపు ఇళ్ళలో పనిచేస్తుందట. కూతురి కోసం వచ్చి కిటికీ దగ్గర అంతా విన్నట్టుంది. "ఆ చీటీ ఏ పిల్లదో జర చెప్పమ్మా" అంది.

"నాకు తెలీదక్కా. తెలిసినా చెప్పను" అన్నాను.

"నా బిడ్డదైతే?"

"మీ బిడ్డదే అనుకోండి. ఏం చేస్తారు?"

కొంగు వేలికి చుట్టుకుంటూ చాలాసేపు ఆలోచించింది. కొడతా అంటుందేమో, ఊరికి పంపిస్తా అంటుందేమో అని నేను లోపల భయపడుతూనే ఉన్నాను. హాలులోంచి పిల్లలు చెప్పులు వెతుక్కుంటూ బయటికి వస్తున్నారు. ఆమె వాళ్ళలో తన పిల్ల కోసం చూస్తూ అంది:

"ముందుగాల అన్నం పెడ్త. తిన్నంక అడుగుత."